మా పై పోర్షన్ సూడాన్ అమ్మాయి, కొత్తపేట డాక్టరమ్మ, మధ్యలో నేను: నా అనుభవం

ముందే చెప్తున్నా, ఇది కొన్ని చోట్ల చిన్నప్పుడే ఆడపిల్లల మర్మాంగం కోసేసే ఆచారం గురించి, ఇబ్బందిగా ఉండే సంగతి, అన్నం తింటూ చదవకండి. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నా, "రాయి ఖాల్తీ, పేరొక్కటి వద్దు" అంది. అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు, హాస్పిటల్ పేర్లు కూడా రాయను, మొదటి దాని మీద నాకింకా కోపం పోలేదు గానీ అది వేరే విషయం.

మాది గుంటూరు, చుట్టుగుంట సెంటర్ నుంచి కాస్త లోపలికి. కింద మేము, పైన రెండు గదుల పోర్షన్. 2022 జూన్‌లో బ్రోకర్ ఒకతన్ని తీసుకొచ్చాడు, సూడాన్ నుంచొచ్చి నాగార్జున యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఇంకో నెలలో భార్య కూడా వస్తుంది అన్నాడు. మా ఆయన వద్దంటే వద్దన్నారు, ఫారిన్ వాళ్ళకి ఇల్లిస్తే ఆన్‌లైన్‌లో ఫారం సి పెట్టాలి, ఆ తలనొప్పి మనకెందుకు, పైగా మాది నీచు వండకూడని ఇల్లు. నేనే పట్టుబట్టా, అంతకుముందున్న మనవాళ్ళే మూడు నెలల అద్దె ఎగ్గొట్టి పోయారు కదా, వీళ్ళేం చేస్తార్లే అని. వెజ్ ఓన్లీ అని షరతు పెట్టా. ఆదివారాలు పైనుంచి వాసనొచ్చేది, నాకు జలుబు చేసిందనుకుని ఊరుకునేదాన్ని.

ఆ అమ్మాయి వచ్చినరోజు ఒంటికి చుట్టుకున్న బట్ట చూసి చీరేమో అనుకున్నా. తోబ్ అంటారంట, నాలుగున్నర మీటర్లు, కుచ్చిళ్ళూ గిచ్చిళ్ళూ లేకుండా అట్లా చుట్టేసి కొంగు తలమీంచి వేసుకోవడమే. వారంలో నా దగ్గర చీర కట్టడం నేర్చేసుకుంది, నాకు మాత్రం తోబ్ ఇప్పటికీ నిలవదు, జారిపోద్ది. నన్ను ఖాల్తీ అనేది. ఎదురింటి బేగం గారు విని "అది మా ఖాలాయే కదండీ, పిన్ని అని" అంది, సరే ఆ లెక్కన పిన్నినయ్యా.

ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేసే సంగతొకటి చెప్పాలి. ఆ ఏడాది మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి సరదాగా తనని కూడా తీసుకెళ్ళా. ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళకి ఉన్నవి రెండే బాత్‌రూములు, అందులో ఒక దాంట్లోకి ఈ అమ్మాయి వెళ్ళి పావుగంట అయినా రాలేదు, బయట లైను, పిల్లలు, పట్టుచీరల వాళ్ళు తలుపు బాదుతున్నారు, "ఎవరమ్మా లోపల, నిద్రపోయావా" అని. నేనూ బాదా. బయటికొచ్చాక "ఫోన్ చూస్తా కూర్చున్నావా ఏంటి" అని నలుగురిలో అన్నా కూడా. తల దించుకుని సారీ ఖాల్తీ అంది. ఒంటికి పోయిరావడానికి ఆ అమ్మాయికి ఇంట్లో అయినా పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుందని, చుక్కచుక్కగా వస్తుందని, ఆరేళ్ళ వయసు నుంచీ అంతేనని నాకేం తెలుసు.

2023 ఏప్రిల్ 15న వాళ్ళ ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. ఆ రాత్రులు పైన లైట్ ఆరేది కాదు. ఆ పిల్ల పుట్టింటివాళ్ళు ఊళ్ళోనే దూరంగా ఇంకో చోటికి పోయారు, అత్తగారు వాళ్ళు నానా తిప్పలు పడి ఈజిప్టు చేరి కైరోలో ఉన్నారు. ఇక వెనక్కి వెళ్ళే మాట లేదు. ఆ మధ్యలోనే, కార్తీక మాసం మొదట్లో, తనకి నెల తప్పింది.

మొదటి హాస్పిటల్‌కి వెళ్ళింది 2024 సంక్రాంతి వెళ్ళిన వారం. వాళ్ళాయనకి యూనివర్సిటీలో ఏదో రివ్యూ ఉందంటే నేను తోడెళ్ళా. ఓపీ చీటీ తీయించుకుని రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఒంటికి పోతుంటే మంట అని చెప్పింది, స్కానింగ్ లోపల నుంచి చేయాలన్నారు, పడుకోబెట్టారు. చూసిన డ్యూటీ డాక్టర్, చిన్న పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, ఒక అడుగు వెనక్కేసింది. నేను నాటకీయంగా రాయట్లేదు, నిజంగానే వేసింది. తర్వాత ఇంకొకర్ని పిలిచింది, ఆవిడ వచ్చి చూసి ఇంకో ఇద్దర్ని పిలిచింది, నర్సు వచ్చింది, ఆయా వచ్చింది, కర్టెన్ అవతల ఎవరో తొంగిచూస్తున్నారు. పుట్టుకతోనే ఇంతా? కాలిందా? యాక్సిడెంటా? అన్నీ నన్ను అడుగుతున్నారు, తెలుగులో, ఆ పిల్ల అక్కడ అట్లాగే పడుకుని ఉంది, పైకి చూస్తా.

తనే ఇంగ్లీషులో సర్కమ్‌సిషన్ అంది. నర్సు "అది మగపిల్లలకి కదా చేసేది" అని నవ్వింది. నన్ను తెలుగులో చెప్పమన్నారు. నాకు తెలిసిన మాట సుంతీ ఒక్కటే, అది చెప్తే మళ్ళీ అదే నవ్వు. ఆఖరికి పెద్ద డాక్టర్ వచ్చి ఒక్క నిమిషం చూసి, ఇది మనం ముట్టుకోకూడదు, తొమ్మిదో నెలలో డైరెక్ట్‌గా సిజేరియన్, ఇప్పట్నుంచే ప్లాన్ చేసుకోండి అని రాసిచ్చి వెళ్ళిపోయింది. మంటకి మందు రాశారు. ఫీజు 500.

ఆటోలో శంకర్ విలాస్ దాకా ఏం మాట్లాడలేదు. అక్కడ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏడవడం మొదలుపెట్టింది, శబ్దం లేకుండా. ఆటో అబ్బాయి అద్దంలో చూస్తున్నాడని అద్దానికి నా పవిట అడ్డం పెట్టా, అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మర్నాడు డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది, తనూ పిండి తీసుకుని పెడుతూ పెడుతూ చెప్పింది. తనకి ఆరేళ్ళప్పుడు, స్కూలు సెలవుల్లో. చేతులకి గోరింటాకు పెట్టారు, కొత్త గౌను, ముందురోజు నుంచీ చుట్టాలు, స్వీట్లు, పిల్లకి ఒకటే సంబరం. పొద్దున్నే దాయా వచ్చింది, దాయా అంటే మంత్రసాని. పట్టుకున్నవాళ్ళు పిన్నులు, మేనత్తలు. పైన ఉండేదంతా తీసేసి రెండు అంచులూ కలిపి మూసేశారు, ఒంటికీ నెలసరికీ కలిపి చిన్న రంధ్రం వదిలి. తర్వాత నెలరోజులు కాళ్ళు రెండూ కలిపి కట్టి మంచం మీద, అతుక్కోవడానికి. వాళ్ళ దేశంలో దీన్ని ఫరోల పద్ధతి అంటారంట, ఈజిప్టు రాజుల కాలం నాటిదని. నెలసరి వచ్చిన ప్రతిసారీ లోపలే నిలిచిపోయి మూడురోజులు స్కూలుకి పోయేది కాదు. పెళ్ళి తర్వాత సంగతులు కూడా చెప్పింది, అవి రాయను.

"ఎవరు చేయించారు మీ అమ్మేనా" అన్నా. "కాదు, అమ్మమ్మ. అమ్మ ఆఫీసుకి వెళ్ళిన టైమ్‌లో. అమ్మ వచ్చి అరిచింది, తర్వాత ఊరుకుంది. మా అమ్మమ్మకి నేనంటే ప్రాణం ఖాల్తీ" అంది. అదే మాట రెండుసార్లు అంది.

నాకు ఒళ్ళు మండింది. ప్రాణమైతే ఇట్లా చేస్తారా అని నోటిదాకా వచ్చింది. రాలేదు ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మమ్మకి అక్క, తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉండేది. పన్నెండేళ్ళకి భర్త పోయాడు, ఆయన్ని తను సరిగ్గా చూసింది కూడా లేదు. ఈడొచ్చాక ఒకరోజు పెరట్లో కూర్చోబెట్టి గుండు చేయించారు, ఆ తర్వాత బతికినంత కాలం తెల్ల చీర ముసుగు. మంగలిని పిలిపించింది అత్తగారు కాదండీ, కన్నతల్లి. లేకపోతే ఊళ్ళో పిల్లని బతకనివ్వరు, చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు కావు. ఆ తల్లికి ఆ పిల్లంటే ప్రాణమని మా అమ్మ చెప్పేది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది, ఇదే గుంటూర్లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో ఆడవాళ్ళ కోసం శారదా నికేతనం పెట్టారు, అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో దాని తర్వాత పదేళ్ళకి మా పెద్దమ్మమ్మకి గుండు.

ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో ఆ పిల్లకి చెప్పా. చాలాసేపు వడియాల పిండి చేతిలో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. వాళ్ళ దేశంలోనూ అంతేనంట. ఇంగ్లీషువాళ్ళు 1946లోనే ఫరోల పద్ధతి చేయకూడదని చట్టం చేశారు, రుఫా అనే ఊళ్ళో కూతురికి చేయించిన ఒకావిడ్ని జైల్లో పెడితే జనమంతా తిరగబడ్డారు, తెల్లవాడెవడు మా ఆడపిల్లల సంగతి మాట్లాడ్డానికి అని. మళ్ళీ గట్టి చట్టం వచ్చింది 2020లో, చేసినవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు. అయినా పెద్దవాళ్ళైన ఆడవాళ్ళలో నూటికి 87 మందికి అయిపోయి ఉంది.

ఇక డాక్టర్ వేట. మా అక్క కూతురు ఇంగ్లండులో నర్సు, వాట్సాప్ కాల్ చేశా. చెప్పగానే "పిన్నీ, ఆ అమ్మాయిది టైప్ త్రీనా?" అంది, నేను నోరు తెరిచా, మా ఇంటి పిల్లకి ఇదంతా ఎట్లా తెలుసు అని. అక్కడ గర్భిణీ వచ్చిందంటే రంగూ దేశం చూడకుండా అందర్నీ ఈ ప్రశ్న అడగాల్సిందేనంట, దీనికోసం విడిగా క్లినిక్‌లు ఉన్నాయంట, 18 ఏళ్ళలోపు పిల్లకి జరిగిందని తెలిస్తే నర్సైనా టీచరైనా పోలీసులకి చెప్పి తీరాలని 2015 నుంచి రూల్ ఉందంట. రెండు ముక్కలు రాసుకోమంది. ఒకటి, ఇది ఉన్నంత మాత్రాన సిజేరియనే అక్కర్లేదు, మూసిన దాన్ని ముందే తెరవొచ్చు, దాన్ని డీఇన్‌ఫిబ్యులేషన్ అంటారు, దీని మీద 2016లో డబ్ల్యూహెచ్ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పుస్తకమే వేసింది. రెండు, కాన్పు అయ్యాక మళ్ళీ కుట్టనివ్వొద్దు. ఈ రెండోది ఎందుకు చెప్పిందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ కష్టమైన ఇంగ్లీషు మాట ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని గుంటూర్లో ఫోన్లు చేశా. నలుగురు డాక్టర్ల రిసెప్షన్లలో "ఏంటండీ మళ్ళీ చెప్పండి" అన్నారు. ఐదో చోట తగిలింది. కొత్తపేటలో ఒక పాత డాక్టరమ్మ, సౌదీలో పన్నెండేళ్ళు చేసి వచ్చిందని మెడికల్ షాపతను చెప్పాడు. వెళ్ళాం. చిన్న నర్సింగ్ హోమ్, మెట్లకి టైల్స్ కూడా ఊడిపోయాయి. ఆవిడ నన్నూ వాళ్ళాయన్నీ బయట కూర్చోమని, పిల్లని ఒక్కదాన్నే తీసుకెళ్ళి, తలుపేసి, ఒక్క నర్సుని పెట్టుకుని చూసింది. తర్వాత అమ్మాయి చెప్పింది, చూస్తూ ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదంట, "ఖార్తూమా, ఓందుర్మానా?" అని ఊరి పేరు అడిగిందంట వచ్చీరాని అరబ్బీలో. ఆ ఒక్క ప్రశ్నకే సగం భయం పోయింది అంది.

తర్వాత మమ్మల్ని పిలిచి కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. నాలుగు రకాలుంటాయి, ఈ అమ్మాయిది మూడోది, అన్నిట్లోకీ పెద్దది. మచ్చ కట్టిన చర్మం సాగదు, నొప్పులొచ్చినప్పుడు బిడ్డ తల అక్కడ ఆగిపోతుంది, తల్లికి చిరిగిపోతుంది, రక్తం పోతుంది, పల్లెల్లో రోజులతరబడి ఆగిపోతే మూత్రం సంచికి చిల్లు పడి జీవితాంతం కారుతూ ఉండే ఆడవాళ్ళున్నారు, బిడ్డలూ పోతారు. సూడాన్‌తో కలిపి ఆరు దేశాల్లో 28 వేల పైచిలుకు కాన్పులు చూసి డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు 2006లోనే ఇది తేల్చారు, కోత ఎంత పెద్దదైతే ముప్పు అంత పెరుగుతుందని. ఆవిడ వాడిన మాట అదే, కోత. నాకు హమ్మయ్య అనిపించింది, సుంతీ అనక్కర్లేకుండా ఒక మాట దొరికింది.

నేనుండబట్టలేక "ఇది వాళ్ళ మతంలో ఉందా అండీ" అన్నా. అతను నా పక్కనే ఉన్నాడు, తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. ఆవిడ చిరాకు పడింది. "మీ వీధిలో ముస్లిములు లేరా, వాళ్ళెవరైనా చేయిస్తారా? అరబ్బు దేశాల్లోనే చాలా చోట్ల లేదు. ఇథియోపియాలో, ఈజిప్టులో క్రైస్తవులు కూడా చేయిస్తారు. ఇది మతాలకంటే పాతది." ఇంటికొచ్చి బేగం గార్ని అడిగితే ఆవిడ చెవులు మూసుకుంది, అరవై ఏళ్ళలో ఇట్లాంటిది వినలేదు, తోబా తోబా అని.

అయితే మన దేశంలో లేదన్నమాట అన్నా డాక్టరమ్మతో, కాస్త గర్వంగానే. ఉంది అంది. బొంబాయి, గుజరాత్ వైపు దావూదీ బోహ్రాల్లో ఏడేళ్ళ పిల్లలకి ఖత్నా అని చేస్తారు, సూడాన్ అంత కాదు గానీ అదీ కోతే. ఆ ఇళ్ళలో పెరిగిన ఆడవాళ్ళే బయటికొచ్చి మాట్లాడారు, సహియో అని సంస్థ పెట్టుకున్నారు, మసూమా రనాల్వీ లాంటివాళ్ళు పేరు పెట్టి మరీ చెప్పారు. 2017లో సుప్రీంకోర్టులో కేసు పడితే కేంద్రం ఏమందో తెలుసా, దీనిమీద ప్రభుత్వం దగ్గర లెక్కలేం లేవు అంది. 2018లో పెద్ద బెంచికి పంపారు. దీనికంటూ విడిగా చట్టం మనకి ఇప్పటికీ లేదు. నేను మెల్లిగా నా గర్వం మడిచి పర్సులో పెట్టుకున్నా.

తెరవడం మార్చిలో చేశారు, ఐదో నెల నిండాక. సంతకాల దగ్గర తమాషా, అటెండెంట్ ఎవరు, పేషెంట్‌కి ఏమవుతారు అని అడిగితే నేను ఇంటి ఓనర్ అన్నా, ఆ అమ్మాయి "ఖాల్తీ" అంది, క్లర్కు ఫారంలో ఆంటీ అని రాసుకున్నాడు. నడుముకి మత్తు ఇచ్చారు. నేననుకున్నట్టు పెద్ద ఆపరేషన్ కాదు, అరగంట పట్టింది, మచ్చ మీద నిలువుగా తెరిచి రెండు అంచులూ విడివిడిగా కుట్టారంట మళ్ళీ అతుక్కోకుండా. మొత్తం బిల్లు 18 వేలు, అందులో రెండు వేలు ఆవిడే తగ్గించింది. మర్నాడు పొద్దున్న ఇంటికి పంపేశారు. రోజుకి మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవాలి, మా ఇంట్లో పిండివంటలకి వాడే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఇచ్చేశా, ఇక దాన్నేం వెనక్కి తీసుకుంటాం.

ఇంటికొచ్చిన రోజే మధ్యాహ్నం పైనుంచి ఒక్క కేక. నేను స్టవ్ మీద పులుసు అట్లాగే వదిలేసి మెట్లెక్కా, రక్తం పోతోందేమో అని. బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి ఉంది, కళ్ళు ఇంతింత చేసుకుని. "ఖాల్తీ, శబ్దం!" అంది. నాకర్థం కాలా. ఒంటికి కూర్చుంటే ధారగా వచ్చిందంట, చప్పుడు చేస్తా. ఊహ తెలిసినప్పట్నుంచి ఆ చప్పుడు తన ఒంట్లోంచి వినలేదు, ఏదో తెగిపోయిందనుకుని భయపడింది. "ఒక్క నిమిషంలో అయిపోయింది, ఒక్క నిమిషం" అని వేలు చూపిస్తా నవ్వుతోంది, నవ్వుతోందే గానీ నీళ్ళు కారిపోతున్నాయి. అట్లా వారంరోజులు, అయినప్పుడల్లా కిందికి చూసి ఒక వేలు చూపించేది, మా ఆయన "ఏంటే అది రోజూ ఒకటి ఒకటి అంటది" అని అడిగితే ఏం చెప్తాను. మాకు కింద పులుసు మాడిపోయింది ఆరోజు.

ఆ నెల్లోనే మా అక్క కూతురు యూనిసెఫ్ లెక్క పంపింది. ప్రపంచంలో ఇట్లా కోత పడ్డ ఆడవాళ్ళు, ఆడపిల్లలు 23 కోట్ల పైనే. ఆఫ్రికాలో 14 కోట్ల పైచిలుకు, ఆసియాలోనే 8 కోట్లు. ఎనిమిదేళ్ళ క్రితం లెక్కకంటే 3 కోట్లు ఎక్కువ, కొన్ని దేశాల్లో తగ్గుతున్నా జనాభా పెరిగే వేగానికి అది చాలట్లేదు. నాకు అన్ని సున్నాలు ఊహకందవు, ఫంక్షన్ హాల్లో నేను తలుపు బాదింది మాత్రం కళ్ళముందు కనిపించింది.

తొమ్మిదో నెలలో ఆ అమ్మాయి ఎప్పుడు చూసినా ఫోన్‌లో గాంబియా వార్తలే. అక్కడ 2015లో కోతని నిషేధించారు, ఇప్పుడు ఆ చట్టం తీసేద్దామని పార్లమెంటులో బిల్లు పెట్టారు. మీ దేశం కాదుగా నీకెందుకు టెన్షన్ అంటే, అక్కడ తీసేస్తే మావాళ్ళు కూడా తీసేద్దామంటారు అంది. జులై 15న బిల్లు ఓడిపోయింది, ఆరోజు సేమ్యా చేసి మా ఇంటికీ బేగం గారింటికీ పంపింది, బేగం గారికి ఎందుకో తెలియదు పాపం, పండగేం లేదే అనుకుంటా తినేసింది.

పదిరోజులకి నొప్పులు, రాత్రి పదకొండింటికి. నర్సింగ్ హోమ్ చేరాక డాక్టరమ్మ చూసి ఇక్కడే అవుద్ది అంది. బయట వరండాలో వాళ్ళాయన కాళ్ళు నేల మీద ఆనట్లేదు. అప్పుడు నర్సు వచ్చి ఆ అమ్మాయి మిమ్మల్ని ఏదో అడగమంటోంది అంది అతనితో. లోపలికెళ్ళి వచ్చి కూర్చున్నాడు, మొహం పాలిపోయింది. వాళ్ళ దగ్గర ప్రతి కాన్పు తర్వాతా మళ్ళీ కుట్టేస్తారంట, అదల్ అంటారు, సరిచేయడం అని అర్థం, పెళ్ళినాటిలాగా. ఆడవాళ్ళే చేయించుకుంటారు, భర్త ఊరుకున్నా. నా భార్య నీ నోటితో చెప్పమంటోంది డాక్టర్‌కి, కుట్టొద్దని, అన్నాడు. ఇంగ్లండు నుంచి మా పిల్ల ఎందుకు చెప్పిందో అప్పుడర్థమైంది నాకు. "మరి చెప్పు" అన్నా. "మా అమ్మ అడుగుతుంది" అన్నాడు. ముప్పై రెండేళ్ళ వాడు, పీహెచ్‌డీ, మా అమ్మ అడుగుతుంది అంటున్నాడు. నాకు నవ్వు రాలేదు, మా ఆయన ఈ వయసులో కూడా మా అత్తగారు ఏమనుకుంటుందో అని ఫ్రిజ్ రంగు మార్చలేదు, ఆవిడ పోయి నాలుగేళ్ళు.

ఓ పది నిమిషాలు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత లేబర్ రూమ్ తలుపు దగ్గరికెళ్ళి గట్టిగా, అవసరం లేనంత గట్టిగా, డాక్టర్ నో స్టిచింగ్ బ్యాక్, నో స్టిచింగ్ బ్యాక్ అన్నాడు. లోపల్నుంచి డాక్టరమ్మ "ఎవరు కుడతానన్నారయ్యా, పో కూర్చో" అంది తెలుగులో. అతనికి అర్థం కాకపోయినా టోన్ అర్థమైంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి మామూలు కాన్పే అయింది, సిజేరియన్ లేదు. ఆడపిల్ల, మూడు కేజీలకి కాస్త తక్కువ. ఆయా బయటికొచ్చి "ఆడపిల్లేనండీ, పర్లేదులే" అని నసిగింది, దీనికి మాత్రం ఏ దేశం వెళ్ళక్కర్లేదు, మన కొత్తపేటే. అయినా 500 ఇచ్చాడు.

వాళ్ళకీ నలభై రోజుల పురుడు ఉంది, మనలాగే. ఆ నలభయ్యో రోజు దగ్గరపడుతుండగా బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, సింగ్ నగర్‌లో మా చెల్లెలు వాళ్ళు మేడమీద ఇరుక్కుపోయి నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే, పైన ఆ అమ్మాయి ఇంకో ఫోన్ పట్టుకుని కైరోతో మాట్లాడుతోంది. అత్తగారు వీడియోలో పిల్లని చూసి మురిసిపోయి, ఆ మురిపెంలోనే అడిగింది, ఎప్పుడు తీసుకొస్తారు, ఇక్కడ తెలిసిన దాయా ఉంది అని. ఈజిప్టులో కూడా 2008 నుంచి నేరమే. ముసలావిడకి ఆ సంగతి ఒక లెక్క కాదు.

అప్పుడు అతను ఫోన్ తీసుకుని ఒకే మాట అన్నాడంట. సలీమా. నాకు ఆ అమ్మాయి తర్వాత విడమర్చి చెప్పింది. కోత పడని ఆడపిల్లకి వాళ్ళ భాషలో మంచి మాట లేదు, ఉన్నది ఒకటే, గల్ఫా, అది తిట్టు, ఆ మాట అంటే కొట్టుకుంటారు. కాబట్టి పిల్లకి చేయించను అని తల్లి అనాలన్నా నా కూతురు గల్ఫా అని ఒప్పుకోవాలి. అందుకని 2008లో యూనిసెఫ్ వాళ్ళూ అక్కడి పిల్లల సంక్షేమ శాఖ వాళ్ళూ కలిసి ఈ మాట పట్టుకొచ్చారు, సలీమా అంటే ఏ లోటూ లేకుండా, దేవుడిచ్చినది ఇచ్చినట్టు ఉన్నది అని. తోబ్‌ల మీద ముద్రించారు, టీవీలో పాటలు పెట్టారు. చేయొద్దు, నేరం, రోగాలొస్తాయి అనకుండా, ఇట్లా ఉన్న పిల్లని ఇట్లా పిలవండి అన్నారు. నాకది బాగా నచ్చింది, మొదటి హాస్పిటల్‌లో నాకు మాట దొరక్క నిలబడ్డది గుర్తొచ్చి. మనం కూడా గుండు మానెయ్యండి అని ఎంత మొత్తుకున్నా, విధవ అన్న మాట తిట్టుగా ఉన్నన్నాళ్ళూ ఏం మారింది.

అత్తగారు అటునుంచి ఫోన్ పెట్టేసింది. మూడు వారాలు చేయలేదు. తర్వాత చేసింది, మళ్ళీ అడిగింది. ప్రతి శుక్రవారం ఇదే. ఇతను ప్రతిసారీ అదే మాట.

పోయినేడు అతనికి పీహెచ్‌డీ అయిపోయింది. ఖార్తూమ్‌కి వెళ్ళలేరు, వేరే దారి లేక కైరోకే వెళ్ళారు, విడిగా ఇల్లు తీసుకున్నారు, అత్తగారింటికి నాలుగు బస్టాపుల దూరం. పిల్లని ఆవిడ దగ్గర ఒక్క పూట కూడా ఒంటరిగా వదలకూడదని ఇక్కడే, మా డాబా మీదే, మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. ఆవిడ మంచిదే ఖాల్తీ, అదే భయం అంది.

మొన్న కాల్ చేసింది. పిల్ల ఇల్లంతా తిరుగుతోందంట, కెమెరా ముందు నిలబెడితే నిలవదు. అత్తగారు అడగడం మానేసిందంట రెండు నెలల నుంచి. ఒప్పుకుందా మరి అన్నా. తెలీదు, అడిగితే మళ్ళీ గుర్తు చేసినట్టవుద్దని అడగట్లేదు అంది. తర్వాత ఉన్నట్టుండి, "ఖాల్తీ, మీ పెద్దమ్మమ్మ చెల్లెళ్ళ కాలానికి గుండు ఆగిపోయింది కదా, ఆ మంగలిని పిలిచిన అమ్మ ఆఖర్లో ఏమంది? తప్పయింది అందా?" అని అడిగింది.

ఆ సంగతి నేను మా అమ్మని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.